దెయ్యానికి మూడు పళ్లు

సినిమాలో కథానాయిక చెంప మీద పడ్డ దెబ్బకు మీరు ఎప్పుడైనా ఉలిక్కిపడి ఉంటే, ఆ దెబ్బ నిజంగా పడింది నా తొడ మీద. ఆవిడ మెట్లు దిగుతుంటే గలగలమన్న గాజులు నావి. విలన్‌కు ఎముక విరిగిన చప్పుడు మాత్రం ములక్కాడది. దాన్ని ఆ సాయంత్రం పులుసులో వేసేశాం.

కలకత్తాలో టాలీగంజ్ వైపు ఒక చిన్న స్టూడియోలో ముప్పై అయిదేళ్లు నేను చేసిన ఉద్యోగం ఇదే. షూటింగులో మైకు మాటల్ని మాత్రమే సరిగ్గా పట్టుకుంటుంది. మిగతావన్నీ, అంటే అడుగులు, చీర రెపరెప, బల్ల మీద గ్లాసు పెట్టడం, భయంతో మింగిన గుటక, తరవాత మేం తెర మీద బొమ్మ చూస్తూ గదిలో కూర్చుని చేస్తాం. తెర మీద మనిషి ఎప్పుడు కదిలితే అప్పుడు మేం కదలాలి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలు కొందరు ఆ మధ్య నన్ను కలిసి, "మేడమ్, ఏ మైకు కొనమంటారు?" అని అడిగారు. మైకుల సంగతి నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. తెలిసిన నాలుగు ముక్కలు ఇక్కడ రాస్తున్నాను. తెలుగు చదవడం కష్టమైనవాళ్లు ఇంట్లో పెద్దవాళ్ల చేత చదివించుకోండి. వాళ్లు మధ్యలో నవ్వితే ఆపకండి.

బాతు ఉద్యోగం

మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. నాన్న గార్డెన్ రీచ్ డాక్‌లో సరుకులెత్తే యంత్రం నడిపేవాడు. ఒకసారి ఒక బెంగాలీ సినిమాలో డాక్ దృశ్యానికి వెనకాల తెలుగులో అరిచేవాళ్లు కావలసి వచ్చి, మా వీధి నుంచి ఎనిమిదిమందిని స్టూడియోకి తీసుకెళ్లారు. నాకు ఇచ్చింది ఒకటే మాట: "ఓలమ్మో, ఓడొచ్చీసింది!"

ఆ రోజు వాన. కాళ్లకు కొత్త రబ్బరు చెప్పులు. మైకు దగ్గరికి రెండడుగులు వేసి అరవాలి. అడుగు వేసినప్పుడల్లా చెప్పు క్వీక్ అంది. రెండుసార్లు రికార్డింగు పాడైంది. మూడోసారి అద్దాల గదిలోంచి సౌండ్ ఇంజనీరు పరిమళ్ దా బయటికొచ్చాడు. దా అంటే బెంగాలీలో అన్న.

"ఇక్కడికి బాతును తెచ్చిందెవరు?"

ఏడుగురూ నా కాళ్ల వైపు చూశారు. ఆయన నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, చెప్పు మడమను వేలితో నొక్కాడు. క్వీక్. మెల్లగా నొక్కాడు. క్వే...క్. తలెత్తి నన్ను చూసి బెంగాలీలో అన్నాడు: "తరవాతి రీలులో చెరువుంది. ఏడు బాతులున్నాయి. నడువు."

ఏడు బాతులుగా నడిచాను. ఒకటి లావుది, ఒకటి తొందరది, ఒకటి వెనకబడింది. అంతా అయ్యాక ఆయన, "మూడోది బాగా అలిగింది. అది ఉండనీ" అన్నాడు. వారం తిరక్కుండా ఉద్యోగానికి రమ్మని కబురొచ్చింది.

ఇంటికెళ్లి చెబితే అమ్మ నమ్మలేదు.

"ఏటే, ఏటి పనిచ్చినారు?"

"బాతులమ్మా."

"మేపాలేటి?"

"కాదమ్మా. నేనే బాతు."

అమ్మ నా నుదురు పట్టుకుని చూసింది, జ్వరమేమోనని.

బూట్లు సరే, మనిషేడీ?

పరిమళ్ దా పేరులో పరిమళం ఉందిగానీ ఒంటినిండా నస్యం వాసన. ఎవర్నీ మెచ్చుకునేవాడు కాదు. చాలా బాగుంటే "చోల్బే" అనేవాడు. నడుస్తుందిలే అని అర్థం. ఆ మాట వినడానికి నేను నెలల తరబడి ఎదురుచూశాను.

మొదట్లో ఒక ఇంటి యజమాని అడుగులు చేయాల్సి వచ్చింది. అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించడానికి వస్తుంటాడు. పదిరకాల బూట్లు మార్చి, టకటకలాడిస్తూ గొప్పగా నడిచాను. పరిమళ్ దా చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసేశాడు.

"బూట్లు వినబడుతున్నాయి. మనిషేడీ?"

"అంటే ఏమిటి దాదా?"

"వీడు ఎవరు? ఎందుకొస్తున్నాడు?"

"ఇల్లు ఖాళీ చెయ్యమనడానికి."

"వాడికి ఇష్టమేనా?"

కథ మళ్లీ చదివాను. వాడికి ఇష్టం లేదు. పెళ్లాం పంపితే వస్తున్నాడు. ఇష్టం లేకుండా వచ్చేవాడు ఎలా నడుస్తాడో ఎంత ఆలోచించినా కాళ్లకు అందలేదు. విసుగొచ్చి, అంచుదాకా నీళ్లున్న బకెట్ చేతికి తీసుకుని, చుక్క ఒలకకుండా అవే బూట్లతో నడిచాను. అడుగు ఆగి ఆగి పడింది. ఇంటిముందు మడమ నేలకు ఒకసారి రాసుకుంది.

"చోల్బే" అన్నాడు పరిమళ్ దా.

ముద్దు సన్నివేశాల సంగతి కూడా చెప్పాలి, మీకు తప్పదు కాబట్టి. ముద్దు ఎవరి మణికట్టు మీద వాళ్లే పెట్టుకోవాలి. మొదటిసారి నేను పెట్టుకుంటుంటే పరిమళ్ దా మర్యాదగా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. దర్శకుడు మాత్రం మైకులో, "ఇంకొంచెం ప్రేమగా" అని అరుస్తూనే ఉన్నాడు. నా మణికట్టు మీద అంత ప్రేమ నాకు లేదని ఎలా చెప్పను?

పరిమళ్ దా గొప్ప గురువు. ఒక్క విషయంలో మాత్రం తప్పు మనిషి. మా పేర్లు తెర మీద పడనిచ్చేవాడు కాదు. "చప్పుడు చేసినవాళ్ల పేరు వేస్తే జనం చప్పుడును నమ్మరు" అనేవాడు. ముప్పై ఏళ్లు ఆ మాట ఎదిరించకుండా విన్నాను. వినకుండా ఉండాల్సింది.

దెయ్యం ఏం తింటుంది

నేను పని మానేయడానికి ఏడాది ముందు ఒక దెయ్యం సీరియల్ వచ్చింది. ఉత్తర కలకత్తాలో పాత మేడ. రోజూ సాయంత్రం సామాన్ల గదిలోంచి ఎవరో నములుతున్న చప్పుడు. దెయ్యం తెర మీద ఎక్కడా కనబడదు. మూసిన తలుపు మాత్రం చూపిస్తారు. అంటే దెయ్యం మొత్తం నా పనే.

దర్శకుడు తన్మయ్, నన్ను రత్నాదీ, అంటే రత్నక్కా, అని పిలిచే హుషారైన కుర్రవాడు. నేను అప్పడాలు నమిలాను, మరమరాలు నమిలాను, క్యారట్ కొరికాను, ఐసుముక్కలు పటపటలాడించాను. తన్మయ్ అన్నీ విని దిగులుగా, "రత్నాదీ, ఇది దెయ్యంలా లేదు. కాలేజీ క్యాంటీన్‌లా ఉంది" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో మంచం మీద పడుకుని ఉన్నాను. అమ్మా నేనూ ఒకే ఇంట్లో ఉంటాం. అమ్మకు ఎనభై దాటాయి. నోట్లో మూడు పళ్లు. గది మధ్య కట్టిన గుడ్డ తెర అవతల కూర్చుని జంతిక తింటోంది. మూడు పళ్లతో జంతిక తినడం చిన్న పని కాదు. ముందు నానబెట్టాలి. జుర్రుమంది. తరవాత పన్ను ఉన్న వైపుకు నాలుకతో నెట్టాలి. కాసేపు ఏమీ వినబడలేదు. హఠాత్తుగా, టక్! ఆ వెనకే ఒక నిట్టూర్పు.

నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. లేచి, సంచిలోంచి చిన్న రికార్డరు తీసి, తెర సందులోంచి లోపలికి పెట్టాను. అమ్మ రెండు జంతికలు తింది. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

స్టూడియోలో పరిమళ్ దా దాన్ని మూడుసార్లు విన్నాడు. "ఎవరిది?" అన్నాడు.

"నాదే" అన్నాను.

దొంగతనం ఒకటి, అబద్ధం ఒకటి. ఒకే రోజున రెండూ చేశాను.

నా పన్ను నాకు తెల్దేటి

సీరియల్ మొదలైన రోజు సాయంత్రం పక్కింటి మిఠూ బౌది మా ఇంట్లోనే టీవీ చూడ్డానికి వచ్చింది. బౌది అంటే బెంగాలీలో వదినగారు. వీధి వార్తలన్నీ ఆవిడ దగ్గరే ఉంటాయి. మూసిన తలుపు కనబడింది. జుర్రుమంది. నిశ్శబ్దం. టక్!

బౌది కెవ్వుమని కాళ్లు మంచం మీదికి లాక్కుంది. నాకు గర్వంతో ఒళ్లు పొంగింది. ఇటు తిరిగి చూస్తే అమ్మ చేతిలో సగం కొరికిన జంతిక ఉంది. టీవీ వైపు చూసింది. జంతిక వైపు చూసింది. మళ్లీ టీవీ వైపు చూసింది.

"ఏటే రత్నం. అది నా నోరు కాదేటి?"

"కాదమ్మా. కంప్యూటరు."

"నా కుడిపక్క పన్ను నాకు తెల్దేటి?"

అప్పుడే టీవీలో దెయ్యం నిట్టూర్చింది. అదే క్షణాన కోపంతో అమ్మ కూడా నిట్టూర్చింది. రెండూ ఒకటే. బౌది అమ్మ వైపు చూసి మంచం ఆ చివరికి జరిగింది.

మర్నాటికి వీధి మొత్తానికి తెలిసిపోయింది. పిల్లలు మా కిటికీ దగ్గరికొచ్చి తొంగిచూసి పారిపోయారు. అమ్మ నాతో ఒక్కటే అంది: "సచ్చినాక దెయ్యాన్ని సేస్తే సర్లే అనుకుందును. బతికుండగానే సేసినావు."

ఆ రోజు నుంచి అమ్మ చప్పుడయ్యేది ఏదీ తినడం మానేసింది. మెత్తటి పెరుగన్నం, నానబెట్టిన అటుకులు, నలిపిన అరటిపండు. టీ కూడా చల్లార్చి, జుర్రున పీల్చకుండా, మందులా మింగేది. గిన్నె కింద పెడితే చప్పుడవుతుందని ఒళ్లో పెట్టుకునేది. నేను గదిలోకి వస్తే నమలడం ఆపి, నోరు మూసుకుని, నేను వెళ్లేదాకా చూసేది. చప్పుళ్లతోనే బతికినదాన్ని నేను, మా ఇంట్లో చప్పుడు లేకుండా పోయింది. అంతకంటే పెద్ద తిట్టు నన్నెవరూ తిట్టలేదు.

ముప్పైరెండు పళ్ల దెయ్యం

ఇంతలో సీరియల్ జనానికి బాగా నచ్చింది. దెయ్యాన్ని ఇంకా పొడిగిస్తామన్నారు. నా దగ్గరున్నది రెండు జంతికల చప్పుడు. అటూ ఇటూ తిప్పి ఎన్నాళ్లు వాడతాను? మిఠూ బౌదే ఒకరోజు, "మీ దెయ్యం రోజూ అదే జంతిక తింటోందేం?" అంది.

సరే, నేనే అమ్మలా నములుదామని కూర్చున్నాను. పళ్లకు దూది చుట్టుకున్నాను. పెదాలు లోపలికి మడుచుకున్నాను. ఒక వైపు దవడతో కష్టపడి రెండు గంటలు నమిలాను. దవడ పట్టేసింది. పరిమళ్ దా విని తల అడ్డంగా ఊపాడు.

"ఈ దెయ్యానికి పళ్లున్నాయి. మొత్తం ముప్పైరెండు. పాతదానికి మూడే."

నోట్లో దూది అడ్డం. తీసేసి నిజం చెప్పేశాను.

ఆయన నస్యం డబ్బా మూత మూశాడు. "మీ అమ్మను అడుగు. ఇస్తే తీసుకురా. ఇవ్వనంటే తన్మయ్‌తో నేను చెబుతా, దెయ్యం వెళ్లిపోయిందని. మళ్లీ దొంగిలించావంటే మాత్రం నా గదిలోకి రాకు" అన్నాడు.

ఇంటికెళ్లి అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాను. "తప్పయిందమ్మా. నిన్ను అడగాల్సింది" అన్నాను. అమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది. కాసేపయ్యాక అడిగింది:

"ఇంతకీ ఆ దెయ్యం ఎవులు?"

"ఆ ఇంటి కోడలమ్మా. చిన్నప్పుడే మొగుడు పోయాడు. ఇంట్లోవాళ్లు సరిగా తిండి పెట్టలేదు. ఆ గదిలోనే పోయింది."

"ఆకలితోటి పోయిందేటి?"

"అవును."

"మరెందుకల బయపెడతాది?"

"కథ అలా రాశారమ్మా."

"ఎవుడా రాసినోడు? రేపు నానొస్తాను" అంది అమ్మ.

నాలుగు శనగ గింజలు

అమ్మ జరీ అంచు చీర కట్టుకుని, ఆటోలో కొంత దూరం, బస్సులో కొంత దూరం వచ్చి స్టూడియోలో దిగింది. పరిమళ్ దా వంగి పాదాలకు దండం పెట్టాడు. కూర్చోమని కుర్చీ వేస్తే అది కిర్రుమంది. ఆయన దాన్ని తన్నినంత పని చేసి ఇంకోటి తెచ్చాడు.

తన్మయ్ చేతులు కట్టుకుని, "మాషిమా, కొంచెం భయంకరంగా నమలండి" అన్నాడు. మాషిమా అంటే పిన్నిగారు. అమ్మకు బెంగాలీ అర్థమవుతుంది. మాట్లాడటం మాత్రం సగం హిందీ, సగం బెంగాలీ, కోపమొస్తే పూర్తిగా తెలుగు.

"ఆకలేసి వొచ్చినదానికి బయపెట్టే తీరిక ఎక్కడుంటాది బాబూ?" అంది తెలుగులోనే.

నేను బెంగాలీలో చెప్పాను.

నేను తెచ్చిన జంతికల డబ్బా అమ్మ పక్కకు నెట్టేసింది. "ఆకలితోటున్నోళ్లకి జంతికలెక్కడివి? వేపిన సెనగ్గింజలు తెప్పించు. నాలుగే."

తన్మయ్ సందు చివరి దుకాణానికి తనే పరుగెత్తి పొట్లం తెచ్చాడు. అమ్మ సరిగ్గా నాలుగు గింజలు ఏరుకుని, ఒకటి నోట్లో వేసుకుని, ఖాళీ పళ్లెం ఒకటి ఒళ్లో పెట్టుకుని మైకు ముందు కూర్చుంది.

ఆ ఒక్క గింజను ఎంతసేపు నమిలిందో చెబితే మీరు నమ్మరు. దవడలు మొత్తం ఆడించింది. మధ్యలో పెదాలు చప్పరించింది, పళ్లెం మీద వేళ్లతో రాసింది, మరో ముద్ద కలుపుకున్నట్టు. ఖాళీ నోటితో మూడుసార్లు గుటక వేసింది. కళ్లు మూసుకుంటే, ఎవరో పళ్లెం నిండా అన్నం పెట్టుకుని తీరిగ్గా తింటున్నట్టే ఉంది.

"ఇలాగ నమలడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాను.

"నేర్సుకునేదేటుంది? డాకులో పని ఆగిపోయినప్పుడు, నీకు ఆరేళ్లో ఏడేళ్లో. మీకు పెట్టీసినాక కుండలో ఏటీ ఉండేది కాదు. నాను తిన్లేదని తెలిస్తే మీరు తినేవోరా? వొంటగదిలో కూకోని ఇలగే సప్పుడు సేసేదాన్ని. మీ అయ్య కూడా నమ్మీసినాడు."

నాకు గుర్తుంది. వంటగదిలో అమ్మ తింటున్న చప్పుడు వింటూ నేనూ తమ్ముడూ నవ్వుకునేవాళ్లం, అమ్మ ఎంత తింటుందో చూడు అని. ముప్పై నాలుగేళ్ల అనుభవం ఉన్నదాన్ని. ఆ చప్పుడు కల్పితమని ఒక్కసారి కూడా అనుమానించలేదు.

అద్దం అవతల పరిమళ్ దాకు తెలుగు రాదు. ఏమందని నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన "చోల్బే" అనలేదు. లోపలికొచ్చి, తన హెడ్‌ఫోన్లు అమ్మ చెవులకు పెట్టి, రికార్డు చేసింది వినిపించాడు. అమ్మ తల వంచి శ్రద్ధగా వింది.

"ఓలమ్మ! ఎంత తిన్నట్టుందో!" అంది. నవ్వింది. పాతిక రోజుల తరవాత నన్ను చూసి నవ్వింది.

తరవాత షరతులు పెట్టింది. రెండే. ఒకటి, పేరు వెయ్యాలి. పరిమళ్ దా నోరు తెరిచాడు. అమ్మ ఆయన వైపు చూసింది. ఆయన నోరు మూసుకున్నాడు. రెండోది, ఆ దెయ్యాన్ని మంత్రగాణ్ని పెట్టి తరమకూడదు. అన్నం పెట్టి పంపాలి.

త్రేన్పు

తన్మయ్ మంచివాడు, కథ మార్చాడు. చివరి భాగంలో చిన్న కోడలు భయపడుతూనే పళ్లెంలో అన్నం, చేపల పులుసు పెట్టి తలుపు దగ్గర ఉంచి వెళుతుంది. తరవాత అంతా చప్పుళ్లే. దానికోసం అమ్మ స్టూడియోలో నిజంగానే భోంచేసింది. ఆకలి తీరుతున్న మనిషి నమలడం ముద్ద ముద్దకూ మారుతుందని ఆ రోజు తెలుసుకున్నాను. మొదట ఆత్రం, తరవాత అనుమానం, తరవాత రుచి.

రికార్డింగు అయిపోయిందనుకుని మేం లేవబోతుంటే అమ్మ చెయ్యెత్తి ఆపింది. "నీల్లు తాగదేటి?" అంది. గ్లాసు ఎత్తి గటగటా తాగింది. కాసేపు కదలకుండా కూర్చుంది. తరవాత ఎక్కణ్నించి వచ్చిందో, పెద్ద ఓడ రేవు వదిలినట్టు ఒక త్రేన్పు వచ్చింది. యంత్రం మీద ముల్లు ఆ చివరికి కొట్టుకుంది. పరిమళ్ దా నవ్వి నవ్వి, నస్యం ఎగిరి, తుమ్ములు మొదలై, తుమ్ములన్నీ రికార్డయ్యాయి. తుమ్ముల్ని తీసేశాం. త్రేన్పును మాత్రం తన్మయ్ కత్తిరించనివ్వలేదు.

అది ప్రసారమైన రోజు మా ముందుగదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. త్రేన్పు రాగానే మిఠూ బౌది కళ్లు తుడుచుకుంటూ, "ఆహారే, కడుపు నిండింది పాపం" అంది. గది మొత్తం చప్పట్లు కొట్టింది. త్రేన్పుకు చప్పట్లు పడటం నేను చూసింది అదొక్కసారే. చివర్లో పేర్లు వచ్చాయి. అమ్మ పేరు పైడమ్మ. బెంగాలీ వాళ్లు దాన్ని "పోయిదొమ్మా" అని రాశారు. ఏటి రాసినారే అని అమ్మ అడిగింది. "పైడమ్మ అని" అన్నాను. నా అబద్ధాల్లో దానికి మాత్రం పశ్చాత్తాపం లేదు.

మీకు నేను చెప్పగలిగింది ఇంతే. ఇప్పుడు కంప్యూటరులో నమిలే చప్పుళ్లు కావలసినన్ని దొరుకుతాయి. వాడుకోండి, తప్పేం లేదు. నేనూ వాడాను. కానీ నమిలేది ఎవరో, ఎప్పుడు తిన్నారో ముందు కనుక్కోండి. ఇంకొకరి చప్పుడు తీసుకునే ముందు అడగండి. మీ పేరు మీరే అడిగి వేయించుకోండి, నాలా ముప్పై ఏళ్లు ఆగకండి.

ఉద్యోగం మానేశాక పొద్దున్నే అమ్మను బజారుకు నేనే తీసుకెళుతున్నాను. మొన్న చేపల దగ్గర కుర్రాడు అమ్మను గుర్తుపట్టి కత్తి కింద పెట్టేశాడు. రెండు చేతులూ జోడించి, నవ్వాపుకుంటూ, అమ్మమ్మను పిలిచినట్టు పిలిచి బెంగాలీలో అడిగాడు: "దిదా, అంత భోంచేసి వెళ్లారు కదా. మళ్లీ ఆకలేస్తోందా?"

అమ్మ సంచి నోరు తెరిచి పట్టుకుంది.

"రోజూ ఏస్తాది బాబూ. తలకాయ పక్క ముక్కెయ్."